పురుగులును వాని క్రొత్త యాహారమును

పట్టుపురుగునకు మల్బరీ యాకు వేసినచో రేయింబవళ్లు తినును. అదే పురుగు ముందు మామిడియాకు పఱచినచో ఆకలిచే చచ్చును గాని దానిని ముట్టదు. నిమ్మచెట్టుపై బెరిగెడు పచ్చని గొంగళిపురుగు కరివేపచెట్టుపైనను బెరుగును; ప్రక్కనే యున్న వేపచెట్టు వంక మాత్రము పోదు. పురుగులు పచ్చనిదెల్ల తినునని సామాన్యముగా మనమనుకొనుచుందుము. అది నిజము కాదు. ఆకులలములు తిని బ్రతుకు కీటకములలో నెక్కువ భాగము ఒక చెట్టునో, లేక ఒక్క కుటుంబమునకు జేరిన కొన్ని చెట్లనో నమ్ముకొని యున్నవి.

ఇట్లుండగా, ఒక దేశపు చెట్టును మనుష్యులు మఱియొక దేశమునకు గొనిపోయి నాటినప్పుడు, కొంతకాలమునకు ఆ దేశపు పురుగులలో నేదో యొకటి దానిని బట్టుట చూచుచున్నాము. తాతలనాడెఱుగని యాహారమును మనుమలెట్లు తినగలుగుచున్నవి? పురుగు తలచుకొని యలవాటు చేసికొనుచున్నదా? లేక దాని వంశములోనే యేదైన మార్పు కలుగుచున్నదా? విద్యార్థులకు జంతుశాస్త్రమున నింతకంటె రుచిగల ప్రశ్న దొరకుట యరుదని నా యభిప్రాయము.

మొదట చెట్టు సంగతి. చెట్టు పరుగెత్తలేదు, కొట్టలేదు. కావున తన్ను దాను కాపాడుకొనుటకు విషములను, చేదును, జిగురును, గట్టి పెంకులను సిద్ధపఱచుకొనును. వేపలోని చేదు, పొగాకులోని నికోటిను, జిల్లేటిపాలలోని విషము, ఆవాలలోని ఘాటు, ఇవి మనకు మందులుగను సంబారములుగను పనికివచ్చుచున్నను, చెట్టునకు మాత్రము పురుగులపై బ్రయోగించు నాయుధములు. పురుగు ఒక చెట్టును దన యాహారముగా జేసికొనవలెనన్న, ఆ చెట్టును వాసనచేతనో రంగుచేతనో గుర్తింపవలెను. తల్లి దానిపై గ్రుడ్లు పెట్టుటకు సమ్మతింపవలెను. పిల్ల దాని విషమును సహింపవలెను. ఆ చెట్టు చిగిర్చునప్పుడో కాయ కాచునప్పుడో పురుగు సరిగా మేల్కొని యుండవలెను. ఈ గుణములు చాలవఱకు తల్లిదండ్రులనుండి పిల్లలకు సంక్రమించునవి. అట్లు సంక్రమింపజేయు సూక్ష్మాంశములనే జన్యువులందురు. ఒకే జాతి పురుగులైనను అన్నిటి జన్యువులు ఒక్కతీరుగా నుండవు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనిన తక్కిన కథయంతయు సులభముగా బోధపడును.

ఇక అమెరికా దేశపు ఆపిలు ఈగ కథ. ఈ విషయమున దీనికన్న బ్రసిద్ధమైన దృష్టాంతము లేదు. ఈ యీగ మన యింటి యీగకన్న చిన్నది. ఱెక్కలపై నల్లని పట్టెలుండును. మన మామిడిపండ్లను జామపండ్లను బాడుచేయు పండుఈగ దీని కుటుంబమునకే చెందినది. ఆపిలు ఈగ తల్లి పండుతోలుక్రింద గ్రుడ్డు పెట్టును. పిల్లపురుగు లోపల గుజ్జు తిని పెరిగి, పండు నేలరాలిన పిమ్మట వెలుపలికి వచ్చి మట్టిలో దూఱి, కోశమును గట్టుకొని, చలికాలమంతయు నిద్రావస్థలో నుండి, మఱుసటి వేసవిని ఈగయై పైకి వచ్చును. ఏటికొక తరము. ఆపిలు చెట్టు అమెరికాది కాదు. యూరపునుండి వలసవచ్చినవారు దానిని పదునేడవ శతాబ్దమున దెచ్చి నాటిరి. అంతకుముందు ఈ యీగ హాథారన్ అను ముండ్లచెట్టు పండ్లలో బెరుగుచుండెను. ఆ పండ్లు ఎఱ్ఱనివి, ఇంచుమించు రేగుపండంతటివి. ఆపిలును హాథారనును గులాబీ కుటుంబపు చెట్లే.

రెండువందల సంవత్సరములకు బైగా ఆపిలుతోటల కీ యీగవలన బాధలేదు. 1860 దశకమున న్యూయార్కు రాష్ట్రమున హడ్సన్ నదీలోయలో తోటలవారు పండ్లలో పురుగులను గనుగొనిరి. ఆ కాలమున ఇల్లినాయి రాష్ట్రమున బెంజమిన్ వాల్ష్ అను కీటకశాస్త్రజ్ఞుడుండెను. ఇతడు ఇంగ్లాండున బుట్టి, కేంబ్రిడ్జిలో జదువుకొని, అమెరికాకు బోయి వ్యవసాయము చేసినవాడు. డార్వినుతో నుత్తరప్రత్యుత్తరములు జరిపినవాడు. 1867లో ఇతడీ యీగను వర్ణించి పేరుపెట్టెను. అతడు గమనించిన చిన్న సంగతి యొకటి కలదు. ఇల్లినాయిలో హాథారన్ పండ్లలో ఈ యీగ యుండెను. కాని అక్కడి యాపిళ్లకు బురుగు పట్టలేదు. తూర్పు రాష్ట్రములలో మాత్రమే పట్టినది. రెండుచోట్లను ఈగ యుండగా ఒకచోటనే యాపిలు చెడుట యేల? తూర్పున ఒక శాఖ ముండ్లచెట్టును విడిచి ఆపిలును బట్టినదనియు, ఒక చెట్టుపై నిలిచిన వంశము తన చెట్టుపైనే జతకూడుచు పోయినచో క్రమముగా వేఱు జాతి కావచ్చుననియు వాల్ష్ యూహించెను. 1869లో రైలుప్రమాదమున నతడు మరణించెను. అతని యూహ నూఱేండ్లవఱకు ఊహగానే నిలిచిపోయెను.

1960 దశకమున గై బుష్ అను శాస్త్రజ్ఞుడు ఈ కథను మరల నెత్తుకొనెను. జంతువుల జాతులు విడిపోవలెనన్న నడుమ కొండయో సముద్రమో అడ్డముగా నుండవలెనని ఆనాటి పెద్దలలో బెక్కురి మతము. ఒకే తోటలో, ఒకే గాలిలో, నాలుగడుగుల దూరమున నున్న రెండు చెట్లపై రెండు వంశములేర్పడునా యని వారాక్షేపించిరి. ఆక్షేపణ న్యాయమైనదే. 1988లో జెఫ్రీ ఫెడర్, బుష్ మొదలగువారు మిచిగన్ రాష్ట్రమున ప్రక్కప్రక్కనున్న ఆపిలు, హాథారన్ చెట్లనుండి ఈగలను బట్టి వాని ప్రొటీనులలోని భేదములను బరీక్షించి, ఈ రెండు గుంపుల జన్యువులలో నిలుకడయైన భేదము కలదని చూపిరి. అప్పటినుండియు వాల్ష్ యూహ ప్రయోగసిద్ధమైన విషయముగా బరిగణింపబడుచున్నది.

ఆ భేదము దేనిని గుఱించినది? ప్రధానముగా కాలమును గుఱించినది. ఆపిళ్లు హాథారన్ పండ్లకంటె మూడు నాలుగు వారములు ముందు పండును. ఈగ బ్రతుకు ఒక నెలకు మించదు. కావున ఆపిలును నమ్ముకొన్న యీగ ముందుగా మేల్కొనవలెను. లేనిచో పండుతఱి తప్పిపోవును. ఇందులో నింకొక చిక్కు కలదు. ఆపిలు ముందు రాలును గనుక, అందలి పురుగు మట్టిలోనికి బోవు నాటికింకను ఎండలు తగ్గవు. చలి వచ్చులోపల వెచ్చని దినములు చాల గడపవలెను. ఆ వెచ్చదనమునకు మోసపోయి, ఇదే వేసవియని లేచి యీగయైనచో పండును దొరకదు, సంతతియునుండదు, చలిలో చచ్చును. కాబట్టి ఆపిలు వంశపు కోశములు ఎండకు లొంగని గాఢనిద్ర కలవి కావలెను. అట్టి జన్యువులున్నవి మిగిలినవి; లేనివి పోయినవి. ప్రతి సంవత్సరమును ఇట్లే జల్లెడ పట్టినట్లు జరుగుచు వచ్చెను.

రెండవ భేదము వాసన. ఆపిలు చెట్లపై బట్టిన యీగలు ఆపిలు వాసనవైపును, హాథారన్ ఈగలు హాథారన్ వాసనవైపును ఎగురునని 2003లో ప్రకటింపబడిన పరీక్షలు తెలిపినవి. ఈగలు తమ పండుపైననే జతకూడును గనుక, వాసనలోని ఇష్టమే పెండ్లి సంబంధమును గూడ నిర్ణయించుచున్నది. రెండు వంశములను గలిపి పుట్టించిన సంకరపు టీగలు ఏ వాసనకును సరిగా లొంగక తికమకపడినవి. అయినను ఈ రెండు గుంపులు పూర్తిగా విడిపోలేదు. తరమునకు నూటికి నాలుగు మొదలు ఆఱు పాళ్లవఱకు ఒకదానినుండి రెండవదానికి రాకపోకలు గలవని లెక్కకట్టిరి. అంత కలయిక యున్నను భేదము చెరిగిపోవకుండుటే యాశ్చర్యము. జల్లెడ ఎంత గట్టిదో దీనిచేత దెలియుచున్నది.

ఆపిలు మంచి యాహారమగుటచే నీ యీగలు దాని నాశ్రయించినవనుకొందురేమో. కాదు. హాథారన్ పండులో బ్రతికినన్ని పిల్లలు ఆపిలులో బ్రతుకవు. మఱి లాభమేమనగా, ఆపిలు పెద్దపండు, పోటీ తక్కువ, పురుగు లోతునకు బోవును. ఈ పురుగు శరీరములో దన గ్రుడ్డును బెట్టు కందిరీగజాతి శత్రువొకటి కలదు. దాని గ్రుడ్లుపెట్టు ముల్లు లోతైన ఆపిలులో నందదు. చెడ్డ భోజనమైనను శత్రువు లేనిచోట తినుట మేలు గదా! ఐనను ఆ శత్రువు గూడ నూరకుండలేదు. ఈగల ననుసరించి ఆ కందిరీగలలోను ఆపిలు వంశము, హాథారన్ వంశము వేఱుపడుచున్నట్లు 2009లో ప్రకటించిరి. చెట్టు మాఱగా ఈగయు, ఈగ మాఱగా దాని శత్రువును మాఱుచున్నవన్నమాట.

ఇచ్చట నొక సందేహము కలుగును. ఆపిలు వచ్చి నాలుగువందల యేండ్లు. ఈగ పట్టి నూటయేబదికి కొంచెము మించి. ఇంత స్వల్పకాలమున అవసరమైన జన్యువులన్నియు క్రొత్తగా ఎట్లు పుట్టినవి? పుట్టలేదు. చలినిద్రకు సంబంధించిన జన్యువులలో బెక్కు క్రోమోసోములపై తలక్రిందులుగా దిరిగిన భాగములలో గుంపులుగా గట్టుపడి యున్నవనియు, ఆ గుంపులు ఆపిలు రాకకు లక్షల సంవత్సరములకు ముందే మెక్సికో మెట్టభూముల యీగలలో నేర్పడినవనియు 2003లో తేలెను. అనగా ఈ సొత్తు క్రొత్తగా సంపాదించినది కాదు, ముత్తాతల పెట్టెలోనిది. ఆపిలు వచ్చి ఆ పెట్టె తాళము దీసినది, అంతే.

పై కథలో ప్రకృతి చేసినదానిని మనుష్యుడు గాజుసీసాలో జేసి చూడవచ్చునా? చూచిరి. దీనికి మన ప్రాంతములతో సంబంధము గలదు. పెసలు, మినుములు, అలసందలు కొంతకాలము నిలువయుంచినచో పుచ్చిపోవుట ప్రతి యింటను దెలిసినదే. పుచ్చిన గింజకు గుండ్రని కిటికీవంటి రంధ్రముండును. తల్లిపురుగు గింజపై దెల్లని గ్రుడ్డు నంటించును. దానినుండి పిల్ల తిన్నగా గింజలోనికి దొలుచుకొనిపోయి, లోపలనే పెరిగి, పెద్దదై ఆ కిటికీ తెఱచుకొని వచ్చును. పైకి వచ్చిన పిమ్మట దానికి దిండితో బనిలేదు. ఇంచుమించు నెలకొక తరము. ఒక సీసాలో గుప్పెడు పుచ్చు పెసలువేసి, మూతికి గుడ్డకట్టి వారమునకొకసారి భూతద్దముతో జూచిన విద్యార్థికి ఈ వృత్తాంతమంతయు కన్నులగట్టును. ఖర్చు కానియైనను లేదు.

1979లో తమిళదేశమున తిరునల్వేలి ప్రాంతమున పెసలలోను మినుములలోను దొరకిన ఈ పుచ్చుపురుగుల సంతతిని అమెరికాకు గొనిపోయి ప్రయోగశాలలలో బెంచుచు వచ్చిరి. యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఫ్రాంక్ మెసీనాయు నతని సహచరులును ఈ పురుగులకు పెసలు మాని మసూరుపప్పు గింజలను మాత్రమే యిచ్చిరి. మసూరుగింజ ఈ పురుగునకు మృత్యువు. గింజలో బ్రవేశించిన పిల్లలలో నూటికి ఒకటి రెండు మాత్రమే పెద్దవై వెలువడినవి. పెక్కు ప్రయత్నములలో వంశమే నశించెను. నశింపని వంశములలో జరిగినది వినదగినది. ఇరువది తరములు నిండకముందే నూటికి ఎనుబదికి మించి పిల్లలు బ్రతుకసాగినవి! తల్లులును మసూరుగింజపై గ్రుడ్లు పెట్టుటకు మొదట జంకెడు స్వభావమును విడిచినవి. ఇది 2009లో బ్రకటింపబడినది.

ఇరువది తరములనగా ఈ పురుగునకు రెండు సంవత్సరములైనను గావు. అట్లైన ఒక్కొక్క పురుగు మసూరు తిని తిని అలవాటుపడినదా? కాదు. మసూరులో బడిన పురుగు తన జీవితకాలములో దన జన్యువులను మార్చుకొనలేదు; అది బ్రతుకును లేదా చచ్చును. వేయి పిల్లలలో పదునైదు బ్రతికినవనుకొందము. ఆ పదునైదును యాదృచ్ఛికముగా బ్రతికినవి కొన్ని, మసూరును సహించు జన్యువులు గలిగి బ్రతికినవి కొన్ని. రెండవ తరమునకు దల్లిదండ్రులగునవి ఇవే గనుక, సహించు జన్యువుల పాలు ఒక్కసారిగా బెరిగినది. తరువాతి తరమునను అట్లే. ధాన్యము చెఱిగినట్లు తాలు పోగా గట్టిగింజ మిగులుచు వచ్చినది. అలవాటుపడినది పురుగు కాదు, వంశము. ఈ రెంటికిని గల భేదము తెలియకనే పెద్దలు సైతము పురుగులు “మందుకు అలవాటుపడినవి” యని పొరపాటుగా మాటలాడుచుందురు.

అదే ప్రయోగశాలలో జరిగిన మఱియొక పరీక్ష నాకు మొదటిదానికన్న విలువైనదిగా దోచుచున్నది. మసూరునకు దగినట్లు మాఱిన వంశములను దిరిగి పెసలపై బెంచి, కొన్ని తరముల పిమ్మట మరల మసూరులో వేసిరి. మునుపు సంపాదించిన సహనశక్తి క్షీణించి యుండెను. అనగా మసూరునకు మేలుచేయు జన్యువులు పెసలలో బెరుగునప్పుడు భారమగుచున్నవి. అన్నిచోట్లను బనికివచ్చు గుణము ఉచితముగా రాదు. పురుగులలో నెక్కువభాగము ఒక చెట్టునే నమ్ముకొని యుండుటకు గల కారణములలో నిదియొకటి.

విషమును సహించుట యెట్లను ప్రశ్నకు మన జిల్లేడే మంచి పాఠము చెప్పును. జిల్లేటిపాలలోని విషము జంతువుల శరీరకణములలోని ఒక యంత్రమును బట్టి నిలిపివేయును. ఆ యంత్రము సోడియమును వెలుపలికి దోడి పొటాసియమును లోనికి దెచ్చు ప్రొటీను. అది నిలిచిన నరములు, గుండె నిలుచును. జిల్లేటిపై బెరుగు చారల గొంగళిపురుగు, దానినుండి వచ్చు నారింజరంగు సీతాకోకచిలుక, మన బడిదారిలోనే కానవచ్చునవి. దీని దాయాదియగు అమెరికా మోనార్కు సీతాకోకచిలుకలో ఆ ప్రొటీనును నిర్మించు జన్యువునందు కొన్ని యక్షరములు మాఱియున్నందున విషము దానిని బట్టుకొనజాలదు. 2012లో ఇట్టి చెట్లను దిను కీటకములను బరీక్షింపగా, సీతాకోకచిలుకలు, పెంకుపురుగులు, ఈగలు, తొండముగల నల్లిజాతి పురుగులు, ఈ నాలుగు గణములలోను వేఱు వేఱుగా అదే ప్రొటీనున అదే చోట మార్పు జరిగినట్లు కనబడెను. ఒకరినొకరు చూడక నలుగురు విద్యార్థులు ఒకే లెక్కను ఒకే విధముగా జేసినట్లున్నది. 2019లో శాస్త్రజ్ఞులు ఆ మార్పులనే సామాన్యమగు పండ్లదోమ జన్యువునందు జేయగా, ఆ యల్పజీవి మోనార్కువలె విషమును దట్టుకొనినది.

చెట్టు క్రొత్తదైనను విషము పాతదైనచో దాటుట సులభము. మన నిమ్మ సీతాకోకచిలుక జాతియే ఆస్ట్రేలియాలో నిమ్మను విడిచి చిక్కుడు కుటుంబపు చిన్నమొక్కలపై బెరుగును. నిమ్మ యెక్కడ, చిక్కుడెక్కడ? కాని ఆ మొక్కలు మన బావంచాలకు దగ్గఱి చుట్టములు. బొల్లిమచ్చలకు వైద్యులు వాడు బావంచాలలోని సొరాలెను, నిమ్మజాతి చెట్లలోని కొన్ని పదార్థములు ఒకే తెగవి. సీతాకోకచిలుక వృక్షశాస్త్రము చదువలేదు. దానికి రసాయనశాస్త్రమే తెలియును.

విషమే కాదు, కొలతయు నొక అడ్డము. కుంకుడు కుటుంబపు గింజలను దొండముతో బొడిచి పీల్చెడు ఎఱుపు నలుపుల పురుగొకటి అమెరికాలో గలదు. ఫ్లారిడాలో నది మన బుద్ధకాకర జాతి తీగపై బ్రతుకుచుండెను. బుద్ధకాకర కాయ బుడగవలె నుబ్బి గింజ నట్టనడుమ నుండును గనుక ఆ పురుగులకు ఇంచుమించు 9 మిల్లీమీటర్ల తొండము గలదు. 1950 దశకము మొదలు అచ్చట తైవాను దేశపు కుంకుడు కుటుంబపు చెట్టును అందమునకై వీథులలో విరివిగా నాటిరి. దాని కాయ చదునైనది. గింజ పైననే యందును. ఆ చెట్టును బట్టిన పురుగుల తొండము 7 మిల్లీమీటర్లే యని స్కాట్ కారల్ అను శాస్త్రజ్ఞుడు కనుగొని 1992లో బ్రకటించెను. వస్తుప్రదర్శనశాలలలో దాచిన పాత పురుగులను గూడ గొలిచి, పొట్టి తొండము క్రొత్తచెట్టు వచ్చిన తరువాతనే వచ్చినదని చూపెను. పిల్లలను మార్చి మార్చి రెండు చెట్లపై బెంచినను తొండము వంశముననుసరించియే యుండెను. ఇంతవఱకు సంతోషకరమైన కథ. తరువాత 2016లో దెలిసినదేమనగా, క్రొత్తచెట్టుపై విస్తారముగా బెరిగిన పొట్టి తొండపు పురుగులు తీగలమీది పురుగులతో గలిసి కలిసి, తీగమీదివానికిని తొండము కుఱుచయగుచున్నది. పాతచెట్టునకు దగిన పాతవంశము చెడుచున్నదన్నమాట.

మార్పు ఎల్లప్పుడు లాభమే యనుకొనరాదు. నెవాడా రాష్ట్రమున కార్సన్ పట్టణముచెంత ఒక పచ్చికబయలులో ఒక చిన్న సీతాకోకచిలుక యుండెను. దాని స్వంతమొక్క వేసవికి త్వరగా నెండిపోవునది. పశువుల పెంపకముతోపాటు యూరపు మొక్కయొకటి వచ్చెను. మన యంగళ్ల నమ్ము ఇసబ్గోలు మొక్కకు అది దాయాది. ఇది చిరకాలము పచ్చగా నుండుటచే దానిపై బెట్టిన గ్రుడ్ల పిల్లలు బాగుగా బ్రతికినవి. మైకేల్ సింగర్, కమిల్ పార్మెజాన్ అను శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు కనిపెట్టియుండగా, క్రొత్తమొక్క నిష్టపడు తల్లుల పాలు తరతరమునకు బెరిగి, కడకు అన్నియు దానినే కోరునవైనవి. పిదప పశువులను దోలివేసిరి. మేయువారు లేక గడ్డి యెత్తుగా బెరిగి ఆ మొక్కలను నీడలో ముంచెను. ఎండ వెచ్చదనము లేక పిల్లలు చచ్చినవి. స్వంతమొక్క ప్రక్కనే యున్నను తల్లులు దానివంక చూడలేదు. ఆ కోరిక వంశమునుండి తుడిచిపెట్టుకొనిపోయెను. కొద్ది యేండ్లలో ఆ బయలున నొక్క సీతాకోకచిలుకయైన లేదు. తరువాత వెలుపలినుండి వచ్చిన మఱియొక గుంపు, పాతమొక్కను దినునది, అచ్చట గాపురము పెట్టినది. ఈ వృత్తాంతము 2018లో వెలువడెను.

ఇక మన పొలములకు వత్తము. పురుగునకు తట్టుకొను వరివంగడమును సృష్టించుట యనగా పురుగు దృష్టిలో నొక క్రొత్తచెట్టును నాటుటయే. ఫిలిప్పీనులలోని అంతర్జాతీయ వరి పరిశోధనాలయమువారు 1973లో సుడిదోమకు లొంగని ఐ.ఆర్. 26 అను వంగడమును విడుదలచేసిరి. దాని బలము ఒక్క జన్యువు. మూడు నాలుగేండ్లలోనే దానిని దినగల సుడిదోమ వంశము ప్రబలెను. వేఱొక జన్యువు గల ఐ.ఆర్. 36 తో దాని నడ్డుకొనవలసివచ్చెను.

ఉల్లికోడు కథ మనకు మఱింత దగ్గఱిది. ఈ చిన్న యీగ పిల్ల వరిపిలకలోనికి దూఱగా, కంకి రావలసినచోట వెండివలె దెల్లనైన గొట్టము వచ్చును. ఆ పిలక కింక గింజ లేదు. వరంగల్లు పరిశోధనాస్థానమున ఈశ్వరకోర యను నాటువరి బలమును దీసికొని డబ్ల్యు. 1263 అను రకమును సిద్ధపఱచిరి. సయామునుండి వచ్చిన వరి బలముతో ఫల్గుణ యను వంగడము వచ్చెను. రైతులు ఫల్గుణను సంతోషముతో బెట్టిరి. 1980 దశకమున శ్రీకాకుళ ప్రాంతమున ఈ రెంటిని గూడ దినగల ఉల్లికోడు వంశము బయలుదేఱెను. శాస్త్రజ్ఞులు దానికి నాలుగవ వంశమని పేరిడిరి. అస్సామునుండి సేకరించిన యొక వరి అప్పటికి దానిని నిలువరింపగలిగెను. 2006లో వరంగల్లు ప్రాంతపు ఉల్లికోడును బరీక్షించినవారు, అది ఆ అస్సాము వరిని సైతము తినగల మఱియొక క్రొత్త వంశమని ప్రకటించిరి. ఇట్లు మన దేశమున గుర్తింపబడిన వంశములు ఏడు.

హైదరాబాదుచెంత రాజేంద్రనగరములోని వరి పరిశోధన సంస్థవారును ఇతరులును చేయుచున్న యత్నము లెక్కకు సంబంధించినది. ఒక బలమును జయించు పురుగు వేయింటికొకటి యుండుననుకొందము. దానితో సంబంధము లేని రెండవ బలమును జయించునదియు వేయింటికొకటి యనుకొందము. రెంటిని ఒక్కమాఱే జయించునది పదిలక్షలకొకటి మాత్రమే యగును. అందుచే ఒక్కొక్క జన్యువును విడివిడిగా నొక్కొక్క వంగడమున విడుదల చేయుటకు మాఱుగా, రెండు మూడు జన్యువులను ఒకే వంగడమున గూర్చుటకు బాటుపడుచున్నారు. కాని రెండు జన్యువులు గల వంగడము ప్రక్కపొలములోనే వానిలో నొకటి మాత్రమున్న పాతవంగడమును గూడ బెట్టినచో, పురుగు మొదటి మెట్టును అచ్చట నెక్కి రెండవదానికి వచ్చును. ఏ యూర నేయే వంగడములు ఎంతమేర నాటుదురో చెప్పువాడు శాస్త్రజ్ఞుడు కాడు. ఆ యూరి రైతులే.